అక్షింతల కత్తి

ఈ వయసులో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఫోనులో పోట్లాటకు దిగుతానని నేను అనుకోలేదు. మలయా, జావా, బర్మా, సయాం వైపు పాత కత్తుల ఫోటోలు పెట్టుకుని, ఇది ఏ ఊరిది, ఎంత పాతది, పిడి అసలుదేనా మధ్యలో మార్చిందా అని తర్కించుకునే గ్రూపు ఒకటి ఉంది. ఆ మధ్య నేనూ అందులో చేరాను. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాటు బాల్కనీలో తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద మా పెదనాన్న కత్తిని పెట్టి ఫోటో తీసి, 'దీని గురించి తెలిసినవాళ్ళు చెప్పండి' అని అడిగాను. నాకు తెలియక కాదు. నలుగురూ బావుందంటే వినాలని ఆశ. కాసేపటికే జవాబులు మొదలయ్యాయి. కెరిస్ అన్నారు. మలయా దేశపుదన్నారు, బూగిస్ తెగవాళ్ళ తరహా పిడి అన్నారు, ఏడు వంకీలన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత ఒక పెద్దమనిషి, 'ఎవరో బుద్ధిలేనివాళ్ళు దీన్ని వంటగిన్నెలా తోమి నాశనం చేశారు' అని రాశాడు. దాని కింద వరసగా ఏడుపు బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తోమింది మా పెద్దమ్మ. ఆవిడను బుద్ధిలేనిదనే హక్కు ఈ భూమ్మీద ఒక్క మనిషికే ఉండేది. ఆ మనిషి ఒక్కనాడూ ఆ మాట అనలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో ఆ పెద్దమనిషికి నాలుగు అంటించి ఫోను పక్కన పడేశాను గానీ, కోపం చల్లారాక అసలు బాధ పైకి తేలింది. పోయేముందు పెద్దమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ పెద్దమనిషి రాసింది నిజమైతే ఇక ఎప్పటికీ ఉండదు కూడా. ఆ రోజంతా నేను పెడనలోనే ఉన్నాను, మనిషి ఇక్కడ ఫ్లాటులో తిరుగుతున్నా.

మాది పెడనలో నేతపని ఇల్లు. ముందుగదిలో మగ్గాలు, వెనక వసారాలో అద్దకం తొట్లు, ఇల్లంతా గంజి వాసన. మా నాన్న, పెదనాన్న ఒకే ఇంట్లో ఉండేవారు. మేం నేసిన కైలీలు, రుమాళ్ళు మద్రాసు మీదుగా రంగూనుకీ మలయాలోని పినాంగుకీ పోయేవి. ఆ సరుకు వెంటే పెదనాన్న కూడా పోయారు. పెళ్ళయిన కొత్తలోనే పినాంగులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరి, రేపొస్తా మాపొస్తానంటూ సగం యవ్వనం అక్కడే గడిపి, తల నెరిశాక తిరిగొచ్చారు. ఆయనతో పాటు ఒక ఇనప ట్రంకు పెట్టె వచ్చింది. పరాయి దేశంలో అన్నేళ్ళు సంపాదించిన మనిషి పెట్టెలో ఏముంటుందా అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారట. మూత తీస్తే అన్నీ కత్తులే. మా అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వు ఆపుకోలేకపోయేది. పెద్దమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆ కత్తులకు వసారా చివర ఒక చిన్న గది ఉండేది. నా చిన్నతనమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గది వాసన. ఇల్లంతా గంజి వాసనైతే ఆ గది ఒక్కటే లవంగాల వాసన. పెదనాన్న లవంగ నూనెలో దూది ముంచి, ఒక్కొక్క కత్తినీ చంటిపిల్లకు ఒళ్ళు రుద్దినట్టు రుద్దేవారు. సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగాక నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. ఆయనకు పిల్లలు లేరు. చెప్పుకోవడానికి నేనే దొరికాను. "అమ్మడూ, కత్తిని చూడగానే పదును చూడకూడదు. పదును ఎవరైనా పెట్టొచ్చు. ముందు పిడి చూడు, తరవాత ఒర చూడు, ఆ తరవాత అది ఏం పనికి పుట్టిందో ఆలోచించు" అనేవారు. పొడుగ్గా, కొద్దిగా వంగి, పిడికీ అలుగుకీ, అంటే కోసే ఇనప రేకుకీ, మధ్య అడ్డం లేకుండా, ఒర చుట్టూ బెత్తం పట్టీలు ఉంటే అది బర్మా వాళ్ళ 'దా' అనే కత్తి. మొన వైపు బరువెక్కువ ఉండి, చేతిలో పట్టుకుంటే ముందుకు తూగుతుంటే అది పరాంగ్, అడవిలో కంపలు కొట్టుకుంటూ దారి చేసుకునేది. బర్మా నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలు మా వైపు స్థిరపడినప్పుడు, వాళ్ళ సామానులో పాత దా ఉందని తెలిస్తే పెదనాన్న సైకిలెక్కి ఎంత దూరమైనా వెళ్ళేవారు. ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్ళింట్లో కాఫీ తాగి, రంగూను కబుర్లు చెప్పుకుని వచ్చేవారు. నకిలీవి పట్టేయడంలో ఆయనకు ఆయనే సాటి. కళ్ళు మూసుకుని పిడి వాసన చూసి, "ఇది నిన్న గాక మొన్న పుట్టింది, దీనికి పొగ పట్టించి ముసలిదాన్ని చేశారు" అని తేల్చేసేవారు.

వాటన్నిటిలోకీ రాజు కెరిస్. పాము పాకుతున్నట్టు ఏడు వంకీలు, పిడి దగ్గర ఒక పక్కకు ఎక్కువగా వెడల్పైన అలుగు. పిడి సంగతైతే మరీ విచిత్రం, చలికి ముడుచుకుని తల వంచుకు కూర్చున్న మనిషిలా ఉండేది. వంకీలు ఎప్పుడూ బేసి సంఖ్యే ఉంటాయని, సరి సంఖ్య వస్తే లెక్క తప్పినట్టేనని నాతో వేలు పెట్టించి లెక్కింపజేసేవారు. దాన్ని ఆయనకు ఇచ్చింది ఇస్మాయిల్ అనే మలయా స్నేహితుడు. పెదనాన్న పనిచేసిన కొట్టు పక్కనే పడవల సామాను అమ్మేవాడట. ఇది కొనేది కాదు, మనిషిని చూసి ఇచ్చేది అని చెప్పి ఇచ్చాడట. ఈ మాట చెప్పేటప్పుడు పెదనాన్న గొంతులో కొంచెం గర్వం వినబడేది. అలుగు మొత్తం నల్లగా, ఆ నలుపు మీద వెండి చుక్కలు, చిన్నవీ పెద్దవీ, ఒక వరస లేకుండా చిలకరించినట్టు ఉండేవి. "ఇవేంటి పెదనాన్నా?" అని మొదటిసారి అడిగినప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, "అక్షింతలు" అన్నారు. ఇస్మాయిల్ వాళ్ళు కూడా దాన్ని చిందిన బియ్యమనే పిలుస్తారట. ఆ ఇంట్లో బియ్యానికి లోటుండదని నమ్మకమట. అప్పటినుంచి మా ఇద్దరికీ అది అక్షింతల కత్తి.

ఏడాదికొకసారి, ఎండలు ముదిరాక, పెదనాన్న దానికి స్నానం చేయించేవారు. పెరట్లో నిమ్మచెట్టు కాయలు కోసి రసం పిండి, అందులో మణిశిల అరగదీసేవారు. కుంకుమరాయిలా ఎర్రగా మెరిసే ఆ రాయి విషమని, ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని నన్ను దూరంగా అరుగు మీద కూర్చోబెట్టేవారు. నూనె కడిగేసిన అలుగు మీద ఆ రసం కుంచెతో రాసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ రాసేవారు. పాలిపోయి ఉన్న ఇనుము క్రమంగా నల్లబడేది. చుక్కలు మాత్రం నల్లబడకుండా ఒక్కొక్కటే పైకి తేలేవి. సాయంత్రానికి లవంగ నూనె రాసి ఒరలో పెట్టేవారు. ఆ రోజంతా ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. పినాంగులో ఉన్నట్టే ఉండేవారు.

పెద్దమ్మ ఆ గదిలో కాలు పెట్టేది కాదు. ఊడ్చేది కూడా గడప దాకానే. ఆవిడ మాటల మనిషి కాదు, మూతి విరుపుల మనిషి. ఎవరైనా చుట్టాలొచ్చి "మీవారి కత్తుల గది చూపించవూ" అంటే, "నాకేం తెలుసమ్మా, అది వేరే దేశం" అనేది. చిన్నతనంలో నాకది కోపంగా తోచేది. నాకు పెళ్ళై, నా మొగుడు ఉద్యోగం పేరుతో ఊళ్ళు తిరుగుతుంటే అప్పుడర్థమైంది. పదహారేళ్ళ పిల్లను ఇంట్లో వదిలి వెళ్ళిన మనిషి, ఆ పిల్లకు నడుంనొప్పి మొదలయ్యాక తిరిగొచ్చాడు. ఆయన లేని ఏళ్ళకు రూపమంటూ ఏదైనా ఉంటే అవి ఆ కత్తులే. వాటిని నూనె రాసి ముద్దు చేస్తుంటే ఆవిడ ఎలా చూస్తుంది?

మా వైపు కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పడదంటారు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టి కొంచెం పక్కకు జరగాలి, పుచ్చుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. వంటింటి కత్తికైనా, మగ్గం మీద పోగులు కత్తిరించే కత్తెరకైనా అదే పద్ధతి. పెద్దమ్మా పెదనాన్నా ఒకళ్ళకొకళ్ళు ఏదిచ్చుకున్నా కత్తి ఇచ్చుకున్నట్టే ఉండేది. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి పక్కకు జరిగేది, ఆయన వంగి తీసుకునేవారు. ఆయన పంచె ఉతకడానికి కింద వేసేవారు, ఆవిడ తీసుకునేది. మా అమ్మ మా నాన్నతో గుసగుసగా, "వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఒక కత్తి ఉంటుందండీ" అనేది.

అది మారింది ఒక దసరాకు. మహర్నవమి నాడు నేతిళ్ళలో మగ్గాలు ఆపేస్తారు. ఇంటికి అన్నం పెట్టే సామానంతా కడిగి, పసుపు రాసి బొట్లు పెడతారు. మగ్గం, పోగు నడిపే నాడె, కత్తెర, కత్తిపీట, ఆఖరుకి అద్దకం తొట్లో కలియబెట్టే కర్రకు కూడా. పెదనాన్న గదిలోవి మాత్రం ఆ పూజకు ఎప్పుడూ రాలేదు. అవి మన పని సామాను కాదని పెద్దమ్మ ఉద్దేశం. ఆ ఏడు సరుకు పని మీద పెదనాన్న మద్రాసు వెళ్ళి, నవమి సాయంత్రానికి గానీ రాలేదు. పొద్దున నేను పెరట్లోకి వెళ్ళేసరికి పెద్దమ్మ బావి చప్టా మీద కూర్చుని ఉంది. ఆవిడ ముందు పెదనాన్న కత్తులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన నానబెట్టిన చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. ఇత్తడి బిందెలు తోమినట్టు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మహా దీక్షగా తోముతోంది.

"పెద్దమ్మా, ఏం చేస్తున్నావ్?" అన్నాను నోరు తెరిచి.

"కనబట్టల్లేదటే? పండగపూట అన్నీ కడుక్కోమా? చూడు ఎంత తుప్పు పట్టించి పెట్టారో మహానుభావుడు. నూనె రాసుకుంటూ కూర్చుంటే తుప్పు పోద్దా ఎక్కడన్నా?"

ఆవిడ చేతిలో అక్షింతల కత్తి ఉంది. అది అప్పటికే సగం తెల్లబడింది. తోమిన మేర నలుపూ లేదు, వెండి చుక్కలూ లేవు. చుక్కల నల్ల ఇనుమును చూసి ఏ ఇల్లాలైనా తుప్పు మచ్చలనే అనుకుంటుంది. నేను ఏదో అనబోయాను. ఆవిడ తలెత్తి, చెంపకు అంటిన ఇటుక పొడిని భుజంతో తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళూ వీటికి ఒక బొట్టయినా పెట్టలేదే. మనింటివి కాకపోతే ఎవరింటివి మరి?" అంది. ఆ మాట నాకు చెప్పినట్టు లేదు. తనలో తను అనుకుంటున్నట్టుంది. అన్నీ తోమి, ఎండలో ఆరబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మగ్గం ముందు మిగతా సామానుతో కలిపి పేర్చింది. అక్షింతల కత్తిని మధ్యలో, నాడె పక్కన పెట్టింది. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలా తళతళా మెరిసిపోతోంది.

సాయంత్రం పెదనాన్న వచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూ పూజ దగ్గర ఆగిపోయారు. మా అమ్మ వంటింటి గుమ్మంలో నుంచి కదల్లేదు. పెదనాన్న మధ్యలో ఉన్న కత్తిని చూశారు, చాలాసేపు చూశారు. తరవాత పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, చేతివేళ్ళకు ఇంకా చింతపండు నలుపు ఉండగానే, హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. నేనెరిగిన పెద్దమ్మ ఎప్పుడూ అలా నిలబడలేదు. బడిలో లెక్క చేసి చూపించే పిల్లలా నిలబడింది.

"బాగా మెరుస్తున్నాయి" అన్నారు పెదనాన్న.

"ఇటిక పొడేసి తోమా" అంది పెద్దమ్మ. అంతటితో ఊరుకోకుండా, "ఆ వంకర్ల మధ్య రుద్దడానికి ప్రాణం పోయిందనుకోండి" అని కూడా అంది.

ఆయన నవ్వారు. హారతి పళ్ళేన్ని ఆవిడ చేతుల్లోంచే అందుకున్నారు. ఆవిడ కింద పెట్టలేదు, ఆయన వంగలేదు. అది గమనించింది మా అమ్మా నేనూ మాత్రమేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తరువాత మా ఇంట్లో మంచి రోజులు. పెద్దమ్మ ఆ గదిలోకి రావడం మొదలుపెట్టింది. రావడమంటే ఊరికే రావడం కాదు, పెత్తనం చెయ్యడం. పరాంగ్ చేతికి బాగా తూగుతోందని పట్టుకుపోయి వేసవిలో ఆవకాయకు కాయలు కొట్టింది. మలయా అడవుల్లో దారులు చేసిన కత్తి టెంకలతో సహా మామిడికాయల్ని టకటకా ముక్కలు చేస్తుంటే, పెదనాన్న అరుగు మీద కూర్చుని, "దానికి ఇన్నాళ్ళకు సరైన పని దొరికింది" అనేవారు. బర్మా దా ఒకటి కొబ్బరాకులు చీల్చడానికి పెరట్లోకి చేరింది. ఏటా నవమికి అన్నిటికీ చింతపండు తోముడు, బొట్లు. అక్షింతల కత్తి ఏటికేడు ఇంకా తెల్లగా మెరిసేది. పెదనాన్న లవంగ నూనె రాయడం మానలేదు. కానీ ఎండాకాలపు స్నానం మళ్ళీ ఎన్నడూ చేయించలేదు. మణిశిల రాయి పాత గుడ్డలో చుట్టి పెట్టె అడుగునే ఉండిపోయింది. నేను ఒకసారి అడిగితే, "ఇంకెందుకులే అమ్మడూ" అన్నారు. చుక్కలు పోయాయి కాబట్టి ఇక స్నానంతో పనిలేదని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. లోపల ఎంత బాధపడుతున్నారో అని ఆయన మీద జాలిపడేదాన్ని. పెద్దమ్మకు మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది?

పెదనాన్న పోయిన కొన్నేళ్ళకు హైదరాబాదు నుంచి ఒకాయన పాత కత్తులు సేకరిస్తానంటూ పెడన వచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీలో కూర్చుని కత్తులన్నీ చూశాడు. కెరిస్ చేతికి తీసుకున్నాక మొహం మాడ్చుకుని, "అయ్యయ్యో, దీని మీద పని అంతా పోయిందండీ. ఎవరండీ తోమింది? ఇంత మంచి వస్తువును చంపేశారు" అన్నాడు. పెద్దమ్మ పక్కనే కాఫీ పట్టుకుని నిలబడి ఉంది. నేను కళ్ళతో ఎంత సైగ చేసినా ఆయనకు అర్థం కాలేదు. దాని మీద చుక్కలుంటాయని, నల్ల ఇనుము మీద బియ్యం చల్లినట్టుంటుందని, తోమకూడదని, పాఠం చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు.

పెద్దమ్మ ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం కత్తిపీట ముందేసుకుని, వంకాయలు తరగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. "ఏమే, నిజమేనా? నేను పాడుచేశానా?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. "నాకు తెలీదనుకో. ఆయనకు తెలుసుగా. ఏటేటా తోముతుంటే చూస్తా కూర్చున్నారే! ఒక్కసారన్నా చెప్పకూడదా? ఆయన నాకెందుకు చెప్పలేదే?" అని అడిగింది. అదే ఆ ప్రశ్న. ఆ తరువాత బతికినన్నాళ్ళూ అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంది, ఏ సందర్భమూ లేకుండా, పప్పు రుబ్బుతూనో తల దువ్వుకుంటూనో. మళ్ళీ నవమికి ఆ కత్తులు బయటికి తియ్యలేదు. మంచాన పడే ముందు నన్ను పిలిచి, కెరిస్‌ను తెచ్చి, నా ముందు కింద పెట్టి పక్కకు జరిగింది. "పెట్టెతో సహా నువ్వుంచుకో. నాకు దాన్ని చూస్తే మొహం చెల్లట్లేదు" అంది. నేను వంగి తీసుకున్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడకు రాలేదు.

ఇప్పుడు మళ్ళీ ఫోను దగ్గరకు వస్తాను. ఆ గ్రూపులో నా పోట్లాట చూసి పినాంగు నుంచి ఒకమ్మాయి విడిగా మెసేజి పెట్టింది, తెలుగులో. పేరు దేవిక. వాళ్ళ ముత్తాతలు రబ్బరు తోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. పాత కెరిస్‌లు శుభ్రం చెయ్యడం ఒక జావా ముసలాయన దగ్గర నేర్చుకుందట. 'ఆ మాటలు పట్టించుకోకండి. చేత్తో చూడకుండా పోయిందని ఎవరూ చెప్పలేరు' అని రాసింది. పోయిన నెల చుట్టాలను చూడటానికి ఇటు వచ్చి, మా ఇంటికీ వచ్చింది. ఆ పిల్ల తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉంది. ఫ్లైఓవరు మీద లారీల మోతకు కిటికీలు మూసి కూర్చున్నాం. కత్తి చూస్తానని చెయ్యి చాపింది. నా చెయ్యి దానంతటదే కిందికి పోయింది. గచ్చు మీద పెట్టి పక్కకు జరిగాను. దేవిక ఒక్క క్షణం తికమకపడి, వంగి తీసుకుని నుదుటికి తాకించుకుంది.

చాలాసేపు వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆంటీ, దీన్ని మొదట్లో ఏడాదికోసారి కడిగేవారన్నారు కదా. దేంతో?" అంది. నిమ్మరసం, మణిశిల అని చెప్పి, పెట్టె అడుగునుంచి గుడ్డమూట తీసిచ్చాను. మూట విప్పితే రాయి ఇంకా ఎర్రగానే ఉంది. దేవిక నవ్వింది. డాబా మీదికి వెళ్ళాం. చేతులకు గ్లౌజులు తొడుక్కుని, నన్ను దూరంగా కూర్చోమంది. యాభై ఏళ్ళ తరువాత కూడా దూరంగానే కూర్చున్నాను. పిడి సందులో గట్టిగా పేరుకుపోయిన ఎర్రటి కుంకుమ కనబడితే దూదితో తీయబోయింది. "అది ఉంచమ్మా" అన్నాను. ఎందుకని అడగలేదు. నిమ్మరసం రాసింది, ఆరబెట్టింది, మళ్ళీ రాసింది. ఎండ చుర్రుమంటోంది. తెల్లటి అలుగు ముందు బూడిద రంగుకు తిరిగింది. తరవాత నల్లబడటం మొదలైంది. ఆ నలుపులో ఒక చోట, మూడో వంకీ దగ్గర, ఒక తెల్లటి గింజ కనబడింది. దాని పక్కన ఇంకొకటి.

నేను లేచి నిలబడ్డాను.

"ఇది పైన వేసిన రంగు కాదు ఆంటీ. రెండు రకాల ఇనుము కలిపి, మడతలు పెట్టి కొట్టింది. తోమితే పైనున్న నలుపే పోతాది. లోపలున్న గింజలు ఎక్కడికి పోతాయి? ఒక్కసారి కడిగితే వచ్చేస్తాయి" అంది దేవిక. చెమట తుడుచుకుంటూ, "మీ పెదనాన్నగారికి తెలుసు కదా ఈ సంగతి? ఏటా ఆయనే కడిగేవారు కదా. మరెందుకు మానేశారు?" అని అడిగింది.

జవాబు అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు తెలుసు. పెరట్లో నిమ్మచెట్టు ఉంది, పెట్టెలో రాయి ఉంది. ఆ దసరా మర్నాడే కావాలంటే అక్షింతలు తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ తెస్తే కత్తి నల్లబడుతుంది. ఆవిడ ప్రాణం పెట్టి తెల్లగా తోమిన కత్తి మళ్ళీ నల్లగా కనబడితే, తను చేసింది తప్పని ఆవిడకు తెలిసిపోతుంది. మొదటిసారి ఆ గదిలోకి వచ్చి, మనింటివే అనుకుని బొట్టు పెట్టిన మనిషి మళ్ళీ గడప అవతలికి పోతుంది. అందుకే ఊరుకున్నారు. అందులో త్యాగమేమీ లేదు, ఏదీ పోలేదు కాబట్టి. ఆయన అక్షింతలను ఆవిడ మెరుపు కింద భద్రంగా దాచుకున్నారు, అంతే. నేను అనవసరంగా జాలిపడ్డాను.

అయినా నాకు పెదనాన్న మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అంత ప్రేమను అంత గుట్టుగా దాచుకోవాలా? పోయేముందు నాకొక్కదానికైనా చెప్పి ఉంటే, ఆ చివరి ఏళ్ళు ఆవిడ అలా కుమిలిపోయేది కాదు కదా. ఒక్క మాటతో పోయేది. ఆ కాలం మగవాళ్ళకు నూనె రాయడం తెలుసు, వాసన చూసి వస్తువు వయసు చెప్పడం తెలుసు, పక్కనున్న మనిషితో ఒక్క మాట చెప్పడం తెలియదు. ఇప్పటివాళ్ళు అన్నీ చెప్పుకుంటారు, ఊరంతటికీ ఫోనుల్లో చాటుకుంటారు. ఏది మేలో నాకు తేలడం లేదు. మా ఇంట్లో ఇప్పుడు ప్లాస్టిక్ పిడి చాకులు ఉన్నాయి. వాటిని మా కోడలు నా చేతికే ఇస్తుంది, నేనూ చేతికే ఇస్తాను. మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. కానీ ఒక వస్తువును కింద పెట్టి, ఎదుటి మనిషి వంగి తీసుకునేదాకా ఆగే ఆ కాస్త సమయంలో ఎంత మాట దాగి ఉండేదో, అది ఇప్పుడెక్కడా కనబడదు. ఆ గది కావాలనిపిస్తుంది నాకు. లవంగాల వాసన, ఆగిపోయిన మగ్గాలు, అరుగు మీద ఆయన, బావి దగ్గర ఇటుక పొడి అంటిన చెంపతో ఆవిడ, అన్నీ కావాలనిపిస్తుంది.

సాయంత్రానికి అక్షింతలన్నీ వచ్చాయి. పిడి దగ్గర నుంచి మొన దాకా, నల్లటి నేల మీద ఎవరో గుప్పెటతో చల్లినట్టు. దేవిక లవంగ నూనె రాసి, ఒరలో పెట్టకుండా నాకు వదిలి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మా కోడలు ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. వంటింట్లో గట్టు కింద పెద్దమ్మ కత్తిపీట ఉంది. దాన్ని ఇప్పుడెవరూ వాడరు, పారెయ్యడానికి నాకు మనసొప్పదు. దాన్ని బయటికి లాగి, ఆవిడ కూర్చునే వైపు వదిలేసి ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పెట్టాయి.

"పెద్దమ్మా, నువ్వేం పాడుచెయ్యలేదే. చూడు, అన్నీ ఉన్నాయి. ఆయన అందుకే చెప్పలేదు" అన్నాను. ఒంటరిగా కూర్చుని పైకి మాట్లాడుతున్నానని సిగ్గేసింది, అయినా అన్నాను.

అక్షింతల కత్తిని కత్తిపీట ముందు కింద పెట్టాను. పెట్టి, కొంచెం పక్కకు జరిగాను.